అదును చట్టానిది, పదును మనది

మృగశిర కార్తె ఊరంతటికీ ఒకే రోజున ప్రవేశిస్తుంది. అయినా అందరి చేలూ ఒకేలా మొలవవు. వేసవిలోనే దుక్కి దున్ని పెట్టుకున్నవాడి నేల తొలకరిని తాగి పదునెక్కుతుంది. దున్నని నేల మీద అదే వాన జారి వాగులో కలుస్తుంది. అందుకే మన రైతులు అదును, పదును అని రెండు మాటలు వేరువేరుగా వాడతారు. అదును కాలం తెచ్చేది. పదును నేలలో ఉండాల్సింది.

చట్టాలు, పన్నులు, ఆర్థిక పరిస్థితులు మారుతున్నప్పుడు వ్యాపార అవకాశాన్ని పసిగట్టడం ఎలా? ఈ ప్రశ్న మీద బడ్జెట్ మర్నాడు పత్రికలు రాస్తాయి, చాంబర్లు సదస్సులు పెడతాయి, యూట్యూబ్‌లో లెక్కలేనన్ని సలహాలు దొరుకుతాయి. చర్చంతా అదును చుట్టూనే తిరుగుతుంది: ఏ చట్టం వచ్చింది, ఏ సబ్సిడీ పెరిగింది, ఏ దిగుమతి ఆగింది. పదును సంగతి ఎత్తేవాళ్లు తక్కువ. గత యాభై ఏళ్లలో మన చుట్టూ జరిగిన కొన్ని ఉదంతాలను పక్కపక్కన పేర్చి, ఎవరు నిలిచారు, ఎవరు కొట్టుకుపోయారు అన్నది చూడటమే ఈ వ్యాసం పని.

పండితుల రెండు వర్గాలు

ఈ ప్రశ్నను పట్టించుకున్న పండితుల్లో ఒక వర్గం ఆశావాదులది. నలుగురి కంటా పడనిది తన కంట పడటమే వ్యాపారి అసలు లక్షణమని ఇజ్రాయెల్ కిర్జ్‌నర్ 1973లో వాదించాడు. పెద్ద మార్పులకు ముందు చిన్నచిన్న బలహీన సంకేతాలు వస్తాయని, వాటిని పట్టుకోవాలని 1975లో ఐగర్ ఆన్సాఫ్ చెప్పాడు. పీటర్ డ్రకర్ 1985లో అవకాశాలకు ఏడు మూలాలు లెక్కపెట్టి, పరిశ్రమ తీరు మారడాన్ని, జనాభా మారడాన్ని వాటిలో చేర్చాడు. కఠినమైన పర్యావరణ నియమాలు సరిగ్గా రాస్తే పరిశ్రమ చేత కొత్త దారులు వెతికిస్తాయని మైకేల్ పోర్టర్, క్లాస్ వాన్ డెర్ లిండె 1995లో రాశారు.

రెండో వర్గం అనుమానపు కళ్లతో చూస్తుంది. నియంత్రణలు సాధారణంగా ఆ పరిశ్రమలోని పెద్దలే తమ కోసం రాయించుకునేవని జార్జ్ స్టిగ్లర్ 1971లో తేల్చాడు. వ్యాపార ప్రతిభ ఏ సమాజంలోనైనా ఉంటుందని, ఆట నియమాలు ఎటు లాభం చూపిస్తే అది అటు పోతుందని విలియం బామల్ 1990లో అన్నాడు. కొత్త సంపద పుట్టించడానికి పోవచ్చు, ఉన్నదాన్ని గుంజుకోవడానికీ పోవచ్చు. బ్రూస్ యాండిల్ 1983లో చెప్పిన పోలిక ఇంకా ఘాటైనది: ఆదివారం మద్యం అమ్మకాలపై నిషేధాన్ని మతబోధకుడూ కోరతాడు, దొంగసారా అమ్మేవాడూ కోరతాడు.

దీనికి అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా, 1995 జనవరిలో మొత్తం మద్యం ఆగిపోయాయి. 1997కల్లా నిషేధం ఎత్తేశారు. ఆ మధ్యకాలంలో సరిహద్దు దాటి సరుకు తెచ్చినవాళ్లకు అది మహదవకాశమే. కాబట్టి చట్టం అవకాశం పుట్టిస్తుందా అన్నది అడగాల్సిన ప్రశ్న కాదు. పుట్టించి తీరుతుంది. ఎలాంటిది, ఎంతకాలం నిలిచేది అన్నదే ప్రశ్న.

తలుపు తెరిచిన చట్టం

హైదరాబాద్ మందుల పరిశ్రమను మించిన పాఠం ఈ విషయంలో దొరకదు. 1970లో చేసిన పేటెంట్ల చట్టం 1972 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. మందుకు, ఆహారానికి ఉత్పత్తి పేటెంటు లేదు, తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటు అంది. అంటే అదే మందును వేరే దారిలో తయారుచేయగలిగితే అమ్ముకోవచ్చు. ఈ చట్టం దేశమంతటికీ వర్తించింది. ఆ అదును దొరికిన ఊళ్లు ఎన్నో ఉన్నా, హైదరాబాద్‌లో పంట పండినంతగా పండిన చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఎందుకు?

ఎందుకంటే బాలానగర్‌లో ఐడీపీఎల్ ఉండేది. 1961లో సోవియట్ సాయంతో ఏర్పడిన ఆ ప్రభుత్వ సంస్థ వందలాది కెమిస్టులకు రియాక్టర్ ముందు నిలబడి పనిచేయడం నేర్పింది. పుస్తకంలోని రసాయన చర్యను టన్నుల్లో చేసేటప్పుడు వేడి ఎక్కడ పెరుగుతుంది, దిగుబడి ఎక్కడ పడిపోతుంది అన్నది చేతికి తెలియాలి. ఆ చేయి తిరిగినవాళ్లలో కల్లం అంజిరెడ్డి ఒకరు. ఐడీపీఎల్ నుంచి బయటికి వచ్చి, తర్వాత 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. చట్టం వచ్చింది 1972లో, ఆ కంపెనీ వచ్చింది 1984లో. మధ్యలోని పన్నెండేళ్లు దుక్కి దున్నిన కాలం.

అదే 1984లో అమెరికాలో హ్యాచ్-వ్యాక్స్‌మన్ చట్టం వచ్చింది. పేటెంటును సవాలు చేసి మొదట దరఖాస్తు పెట్టిన జెనరిక్ కంపెనీకి 180 రోజుల పాటు మరో జెనరిక్ పోటీ లేకుండా అమ్ముకునే అవకాశం ఇచ్చింది. ఏదో దేశపు చట్టం, మనకెందుకు అనుకోకుండా దాన్ని చదివిన భారతీయ కంపెనీల్లో డాక్టర్ రెడ్డీస్ ముందుంది. 2001 ఆగస్టులో ఫ్లూఆక్సిటిన్ 40 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌కు ఆ 180 రోజుల హక్కు సంపాదించింది.

ఆ తర్వాతి మలుపు ఇంకా ఆసక్తికరం. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడగానే ఉత్పత్తి పేటెంటు మళ్లీ వస్తుందని, 2005 జనవరి 1 దానికి గడువని అందరికీ తెలిసింది. పదేళ్ల ముందే తెలిసిన ఒకే వార్తకు రెండు జవాబులు వచ్చాయి. కొందరు అమెరికా కోర్టుల్లో పేటెంట్లను సవాలు చేసే దారి పట్టారు. అంజిరెడ్డితో కలిసి పనిచేసి 1990లో విడిగా మొదలుపెట్టిన మురళి దివి వేరే దారి ఎంచుకున్నారు. పేటెంటుదార్లతో తగవు పెట్టుకోకుండా, వారికే ముడిమందులు చేసిపెట్టడం. రెండు దారులూ నడిచాయి. దారి ఏదైనా ఇద్దరి దగ్గరా ఉన్న సరుకు ఒకటే, రసాయన విద్య.

ఈ కథకు ఇంకో పేజీ ఉంది. పటాన్‌చెరు చుట్టుపక్కల బావులు, నక్కవాగు రంగుమారాయి. ఒక చట్టం ఇచ్చిన లాభాన్ని కంపెనీలు పుచ్చుకున్నాయి. ఇంకో చట్టం సరిగ్గా అమలుకాకపోవడం వల్ల కలిగిన నష్టాన్ని ఊళ్లు మోశాయి. అవకాశాల జమాఖర్చు రాసేటప్పుడు ఈ పద్దు వదిలేస్తే లెక్క తప్పుతుంది.

చెరువు గట్టున

రెండో ఉదంతం కోస్తాది. 1990ల మొదట్లో టైగర్ రొయ్య మనవాళ్లను కోటీశ్వరుల్ని చేసి, తెల్లమచ్చ వైరస్‌తో దశాబ్దం మధ్యలోనే అప్పులపాలూ చేసింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత చెరువులపై కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి దొరికింది. అదీ షరతులతోనే: రోగరహిత తల్లి రొయ్యల్నే తేవాలి, చెన్నైలో క్వారంటైన్ చేయాలి, హేచరీలకు, చెరువులకు రిజిస్ట్రేషన్ ఉండాలి.

బయటినుంచి చూసేవాడికి ఇవన్నీ అడ్డంకులు. గట్టు మీద నిలబడి చూస్తే ఒక్కో షరతూ ఒక్కో దుకాణం. రోగరహిత పిల్ల కావాలంటే హేచరీ కావాలి. పిల్ల ఆరోగ్యం తేల్చడానికి పీసీఆర్ ల్యాబ్ కావాలి. వనామీని ఒత్తుగా వేస్తారు కనుక నీళ్లలో ఆక్సిజన్ నిలవడానికి రాత్రంతా ఏరేటర్లు తిరగాలి. తిరగాలంటే కరెంటు, జనరేటరు, మెకానిక్కు కావాలి. మేత, ఐసు, ప్రాసెసింగ్ ప్లాంటు, కంటైనర్ లారీ వరుసగా నిలబడతాయి. యాంటీబయాటిక్ అవశేషాల అనుమానంతో యూరప్ 2016లో మన సరుకు తనిఖీలను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచినప్పుడు చెరువు గట్టు మీద పరీక్షకు గిరాకీ మరింత పెరిగింది. భీమవరం చుట్టుపక్కల రొయ్య పెంచకుండానే రొయ్య మీద బతుకుతున్న కుటుంబాలు కోకొల్లలు. సాగుచేసేవాడి లాభం ధర మీద, వైరస్ మీద ఆధారపడితే, ఏరేటర్ బాగుచేసేవాడికి లాభం వచ్చినా రాకున్నా పని ఉంటుంది.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అప్పటికే రొయ్యల మీద ఉన్న యాంటీ డంపింగ్ సుంకాలు దీనికి అదనం. ఒకే దేశపు గిరాకీ మీద నిలబడ్డ చెరువు ఎంత లోతైనదైనా ఒక్క సంతకంతో తేలిపోతుందని అప్పుడు తెలిసొచ్చింది.

నిషేధం వదిలిన ఖాళీ

ప్లాస్టిక్ నిషేధం సంగతి చూద్దాం. 2022కల్లా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను లేకుండా చేస్తామని కేంద్రం 2018 జూన్ 5న ప్రకటించింది. 2021 మార్చిలో ముసాయిదా నియమాలు, ఆగస్టులో తుది నియమాలు వచ్చాయి. 2022 జులై 1 నుంచి చెవి పుల్లలు, స్ట్రాలు, ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్వీట్ డబ్బాలకు చుట్టే పల్చటి పొర, అలంకరణ థర్మాకోల్ నిషేధంలోకి వెళ్లాయి. నాలుగేళ్ల వ్యవధి ఇచ్చిన నియమం ఇది.

ఊరూరా పేపర్ కప్పుల యూనిట్లు వెలిశాయి. ఒక గదిలో మెషీను, పక్కన కప్పు ఆకారంలో కోసి ముద్రించిన కాగితపు ముక్కల కట్టలు, అడుగు భాగానికి కాగితపు చుట్ట, మెషీను నోట్లోంచి టకటకా ఒకదానిలో ఒకటి ఒదుగుతూ వచ్చే కప్పులు. మెషీను అమ్మేవాడు లాభాల లెక్క కాగితం మీద వేసి చూపిస్తాడు. ఆ లెక్కలో లేనిది ఒకటుంది. అదే మెషీను, అదే కాగితం పక్క వీధివాడికీ దొరుకుతాయి. ఆరునెలల్లో నలుగురు పోటీకి దిగితే కప్పు మీద మిగిలేవి పైసలే. ఇంకో సంగతి, వేడి టీ కారకుండా ఉండాలంటే ఆ కాగితం లోపలి వైపు సన్నని ప్లాస్టిక్ పూత ఉండక తప్పదు. తమిళనాడు 2019 జనవరి 1 నుంచే అలాంటి కప్పుల్ని కూడా నిషేధ జాబితాలో పెట్టింది. పొరుగు రాష్ట్రంలో జరిగింది రేపు మన దగ్గరా జరగవచ్చని మెషీను కొనేముందు ఎంతమంది ఆలోచించారు?

ఉత్తరాంధ్ర ఏజెన్సీలో అడ్డాకులు కుట్టే గిరిజన మహిళలకు, తెలంగాణ పల్లెల్లో మోదుగ విస్తళ్లు కుట్టేవాళ్లకు ఈ నిషేధం తలుపు తీయాల్సింది. ఆ సరుకు ఏ చట్టానికీ జడవక్కర్లేనిది. కానీ ఒకే కొలత, ఒకే మందం, పెళ్లికి వేలల్లో సకాలంలో అందించే ఏర్పాటు లేక చాలాచోట్ల వెనకబడింది. ఇక్కడ అదును ఉంది, సరుకు ఉంది, మధ్యలో ఉండాల్సిన సరఫరా గొలుసు లేదు. నన్నడిగితే ఈ నిషేధం చూపిన అసలు ఖాళీ అదే, కప్పుల మెషీను కాదు.

లెక్కల బరువు మోసేవాళ్లు

కొన్ని నియమాలు ఏ తలుపూ తెరవవు, మూయవు. బరువు మాత్రం పెడతాయి. 2017 జులై 1న వచ్చిన జీఎస్టీ అలాంటిది. ఆ బరువు మోసిపెట్టేవాడికి అది నెలనెలా కూలి. ట్యాక్స్ కన్సల్టెంట్, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాడు, డేటా ఎంట్రీ కుర్రాడు ఇలా బతికారు.

ఈ-ఇన్వాయిస్ మెట్లు చూడండి. 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవరు దాటిన కంపెనీలతో మొదలుపెట్టారు. 2021 జనవరిలో 100 కోట్లకు, ఏప్రిల్‌లో 50 కోట్లకు దించారు. 2022 ఏప్రిల్‌లో 20 కోట్లు, అక్టోబరులో 10 కోట్లు, 2023 ఆగస్టులో 5 కోట్లు. మూడేళ్లలో ఆరు మెట్లు. రెండో మెట్టు దగ్గరే దీని దిశ అర్థమైన కన్సల్టెంటు, తన పట్టణంలోని రైస్ మిల్లులు, హోల్‌సేల్ షాపులు ఏ మెట్టు దగ్గర చిక్కుతాయో వేళ్ల మీద లెక్కపెట్టుకుని ఉండగలడు. ఇందులో జోస్యం లేదు, క్యాలెండరు చదవడమే.

రాష్ట్ర సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న పక్కపక్క ఊళ్లు కోదాడ, జగ్గయ్యపేటలను తీసుకోండి. సరుకుల వ్యాపారికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితిని 2019 ఏప్రిల్ నుంచి ఆంధ్రప్రదేశ్ 40 లక్షలకు పెంచింది, తెలంగాణ 20 లక్షల దగ్గరే ఉంచింది. ఏడాదికి 30 లక్షల సరుకు అమ్మే చిన్న వ్యాపారికి జగ్గయ్యపేటలో రిజిస్ట్రేషన్ అవసరం లేదు, కోదాడలో ఉంది. అయితే జగ్గయ్యపేట వ్యాపారి పన్ను పడే సరుకును రాష్ట్రం దాటించి కోదాడకు అమ్మాడంటే ఆ 40 లక్షల వెసులుబాటు పోయి, సాధారణంగా రిజిస్టర్ కాక తప్పదు. ఇలాంటి సందులు తెలిసినవాడి దగ్గరికే జనం వస్తారు.

బంగారంలోనూ ఇదే జరిగింది. 2021 జూన్ నుంచి హాల్‌మార్కింగ్‌ను జిల్లాలవారీగా తప్పనిసరి చేస్తూ వచ్చారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల గుర్తింపు కోడ్ లేనిదే నగ అమ్మకూడదన్నారు. నగల దుకాణంతో పాటు నగను పరీక్షించి ముద్ర వేసే కేంద్రం కూడా ఒక వ్యాపారమైంది.

యూపీఐ కథ దీనికి తలకిందులు. 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపులపై వ్యాపారి దగ్గర రుసుము వసూలు చేయకూడదని ప్రభుత్వం అంది. చెల్లింపుల యాప్ కంపెనీల ఆదాయానికి గండి పడింది. దాంతో అవి డబ్బు పడగానే తెలుగులో పలికే చిన్న పెట్టెను కిరాణా కొట్టులో పెట్టి నెలనెలా అద్దె తీసుకోవడం మొదలుపెట్టాయి. లావాదేవీకి రుసుము వద్దన్నారు గానీ, రద్దీలో ఫోను చూసుకునే తీరిక లేని కొట్టువాడి ఇబ్బంది పోలేదు. ఆ ఇబ్బందికి వాడు డబ్బిచ్చాడు.

మినహాయింపు కూడా ఒక అదునే

నియమంలో ప్రధాన వాక్యాన్ని అందరూ చదువుతారు. కింది వరసలోని మినహాయింపును చదివేవాళ్లు తక్కువ. 2021 జనవరి 1 నుంచి బీఐఎస్ గుర్తు లేని బొమ్మలు అమ్మకూడదని కేంద్రం నియమం పెట్టింది. అంతకు ముందే, 2020లో, దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 60 శాతానికి పెంచింది. చైనా బొమ్మలకు అడ్డుకట్ట పడింది. కానీ అదే నియమం ఏటికొప్పాక, కొండపల్లి కళాకారుడి మెడకూ చుట్టుకోవాల్సింది. ల్యాబ్ పరీక్షలు, లైసెన్సు రుసుములు ఆ ఇళ్లలో ఎవరు భరించగలరు? 2020 డిసెంబరులో చేసిన సవరణ, హస్తకళల కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకు, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకు మినహాయింపు ఇచ్చింది.

వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ లక్కను ఒత్తి రంగు పట్టిస్తారు. తిరిగే కర్ర రాపిడి వేడికి లక్క కరిగి నునుపుగా పరుచుకుంటుంది. రసాయన రంగులు వచ్చాక, చెట్ల నుంచి తీసే రంగులకు మళ్లీ ప్రాణం పోసినందుకు సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది. బిడ్డ నోట్లో పెట్టుకున్నా భయం లేని బొమ్మ కావాలని తల్లిదండ్రులు అడగడం మొదలయ్యేసరికి ఈ ఊరి దగ్గర సరుకు సిద్ధంగా ఉంది. చట్టం రాకముందే చేసిపెట్టుకున్న పని చట్టం వచ్చాక విలువ పెంచుకుంది.

గాలి ఎదురు తిరిగినప్పుడు

ఓడినవాళ్ల గురించి చెప్పకపోతే సమీక్ష సగమే. హైదరాబాద్ కేంద్రంగా సూక్ష్మరుణాల వ్యాపారం 2000ల్లో పరుగులు పెట్టింది. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ స్టాక్ మార్కెట్టులో నమోదైంది. రెండు నెలలు తిరక్కుండా, అక్టోబరు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ వ్యాపారాన్ని కట్టడి చేసే ఆర్డినెన్సు తెచ్చింది. వారం వారం ఇంటి ముందుకొచ్చి చేసే వసూళ్లు ఆగిపోయాయి. అప్పుల ఒత్తిడితో ఆత్మహత్యలు జరిగాయన్న ఆగ్రహం ఊళ్లలో అప్పటికే రాజుకుని ఉంది. ఆన్సాఫ్ చెప్పిన సంకేతమూ ముందే వచ్చింది. 2006 మార్చిలోనే కృష్ణా జిల్లా అధికారులు ఇలాంటి సంస్థల సుమారు 50 శాఖలు మూయించారు. నాలుగేళ్ల ముందు మోగిన ఆ గంటను విన్నవాళ్లు తక్కువ.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలదీ అదే వరస. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ నిషేధించాయి. 2023 అక్టోబరు నుంచి పెట్టిన మొత్తం పందెంపై 28 శాతం జీఎస్టీ పడింది. 2025 ఆగస్టులో కేంద్రం బిల్లు పెట్టిన రెండ్రోజుల్లోనే రాష్ట్రపతి సంతకం దాకా వెళ్లి దేశమంతా మూతపడింది. చివరి దెబ్బ ఆకస్మికంగా కనిపించినా ఎనిమిదేళ్లుగా మెట్టుమెట్టూ దిగుతూనే ఉంది.

ఇథనాల్ వ్యవహారం ఇంకో రకం. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని ప్రభుత్వం 2030 నుంచి 2025కు ముందుకు జరిపింది. మొక్కజొన్నకు, నూకలకు కొత్త గిరాకీ వచ్చింది, డిస్టిలరీలకు దరఖాస్తులు వెల్లువెత్తాయి. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కాయి, ఫ్యాక్టరీ పనులు ఆగిపోయాయి. అన్ని అనుమతులకూ పైన ఇంకో అనుమతి ఉంటుంది. దాన్ని ఏ సింగిల్ విండోలోనూ ఇవ్వరు. ఊరివాళ్లు ఇవ్వాలి.

నియమం ఎంత ముందు చెప్పి వస్తుంది?

ఈ ఉదంతాలన్నీ ఒకచోట చేరిస్తే ఒక తేడా కళ్లకు కడుతుంది. సాంకేతిక నియమాలు గడువు ఇచ్చి వస్తాయి. ఉత్పత్తి పేటెంటు పదేళ్ల ముందు, ప్లాస్టిక్ నాలుగేళ్ల ముందు, ఈ-ఇన్వాయిస్ మెట్టుమెట్టుగా తెలిసి వచ్చాయి. వీటికి గెజిట్టు, ముసాయిదా, అభ్యంతరాల గడువు ఉంటాయి. ఓపికగా చదివేవాడికి ఇందులో రహస్యం లేదు.

జనం కోపంలోంచి, రాజకీయంలోంచి పుట్టే నియమాలు గడువు ఇవ్వవు. 2016 నవంబరు 8 రాత్రి నోట్ల రద్దుకు నాలుగు గంటలు. సూక్ష్మరుణాల ఆర్డినెన్సు వెంటనే అమల్లోకి వచ్చింది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటన వచ్చినప్పుడు సెలవుకు ఇంటికొచ్చిన మనవాళ్లు విమానాశ్రయాలకు పరుగెత్తారు. వీటి సంకేతాలు గెజిట్టులో దొరకవు. గ్రామసభలో, కలెక్టరేట్ ముందు ధర్నాలో, పొరుగు రాష్ట్రపు ఉత్తర్వులో, మరో దేశపు ఎన్నికల ప్రసంగంలో దొరుకుతాయి. మొదటి రకానికి చట్టం చదివేవాడు కావాలి. రెండో రకానికి ఊరు తెలిసినవాడు కావాలి.

ఈ రెండింటికంటే నెమ్మదిగా, ఎవరి సంతకమూ లేకుండా కదిలేది జనాభా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సంతాన రేటు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా తగ్గకుండా నిలవడానికి కావాల్సిన 2.1 కంటే రెండూ తక్కువే. పిల్లలు బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉండి, అమ్మానాన్నలు తెనాలిలోనో కరీంనగర్‌లోనో ఉన్న ఇళ్లు ఇప్పటికే ఎన్ని! నర్సు, వంట, ఆసుపత్రికి తోడు వెళ్లే మనిషి, బ్యాంకు పని చూసిపెట్టే నమ్మకస్తుడు వాళ్లకు కావాలి. దీనికి సబ్సిడీ లేదు, అందుకే గుంపు లేదు. పెద్దల సంరక్షణకు లైసెన్సు నియమాలు కఠినమయ్యే రోజు వస్తే, అప్పటికే మంచి పేరు తెచ్చుకున్నవాడికి ఆ నియమమే కోటగోడ అవుతుంది.

అభ్యంతరాలు, తీర్పు

ఈ వాదనకు రెండు అభ్యంతరాలు రావచ్చు. ఒకటి, గెలిచినవాళ్ల కథలే మనకు తెలుస్తాయి, అదే పదునుతో ఓడినవాళ్లు చరిత్రలో ఉండరు. ఇది నిజం. రెండోది, నియమాల మీద నియమాలు పెట్టి పెద్ద కంపెనీలు చిన్నవాళ్లను బయటికి నెడతాయి. ఇదీ నిజమే, స్టిగ్లర్ చెప్పింది ఇదే. బొమ్మల నియమానికి సవరణ రాకపోయి ఉంటే ఏటికొప్పాక గతి ఏమయ్యేదో ఊహించవచ్చు. చిన్న వ్యాపారుల సంఘాలు ముసాయిదా దశలోనే అభ్యంతరం రాసి పంపడం అలవాటు చేసుకోకపోతే, చట్టం ఇచ్చే అదును ఎప్పుడూ పెద్ద చేనువాడిదే అవుతుంది.

అయినా ఉదంతాలన్నీ ఒక విషయంలో ఏకీభవిస్తున్నాయి. చట్టం మీద మాత్రమే నిలబడ్డ వ్యాపారం చట్టంతోనే పోతుంది. పని తెలిసిన చేతి మీద నిలబడ్డది, చట్టం పోయినా ఇంకో రూపంలో బతుకుతుంది. పేటెంటు చట్టం తలకిందులైనా హైదరాబాద్ కెమిస్టు బతికాడు. వారం వారం వసూళ్ల మీద నిలిచిన లాభాలు ఒక్క ఆర్డినెన్సుతో ఆవిరయ్యాయి.

కాబట్టి కొత్త నియమం వార్త చదివి పెట్టుబడి పెట్టబోయే ప్రతివారూ ఒక కాగితం తీసుకుని మూడు ప్రశ్నలు రాసుకోవాలి. ఈ పని నాకు నియమం రాకముందే తెలుసా? రేపు ఈ నియమం ఎత్తేసినా కొనుగోలుదారు నా దగ్గరికి వస్తాడా? దీనివల్ల ఎవరి బావి నీళ్లు పాడవుతాయి, వాళ్లు ఊరుకుంటారా? మూడింటికీ నిజాయితీగా జవాబు దొరికితే అదును చూసి దిగండి. మొదటిదానికే జవాబు లేకపోతే మెషీను కొనకండి. ముందు ఆ పని చేసేవాడి దగ్గర ఏడాదిపాటు జీతానికి చేరండి.